తువ్వాలు పరిచిన బెంచీ

మా పక్కింటి గుమస్తా మామ పోయాడు. మొన్న తెల్లవారుజామున, కోవిల్‌పట్టిలో, తన ఇంట్లోనే, నిద్రలోనే. శవం లేచేదాకా వీధిలో పొయ్యి వెలిగించరు కనుక మేమూ వెలిగించలేదు. ఇష్టపడి అని మాత్రం చెప్పను. అయినా ఏడ్చాను. కడుపులో కోపం పెట్టుకుని కూడా మనిషి కోసం ఏడవొచ్చని అప్పుడే తెలిసింది.

ఆయన ఇక్కడి కోర్టులో ఒక లాయరు దగ్గర గుమస్తా. పొద్దున్నే వెళ్ళి వరండాలో బెంచీ మీద తువ్వాలు పరిచి చోటు పట్టేవాడు. వీధిలో తమిళం, గడప లోపల మన తెలుగు. సాయంత్రం కడలె మిఠాయి అనే పల్లీచెక్కల పొట్లంతో మా గుమ్మంలో నిలబడి, "ఏం పాపా, పొయ్యి మీద ఏముండాది?" అనేవాడు. పులుసు వాసన బాగుంటే ఇంటికెళ్ళి గిన్నె తెచ్చుకునేవాడు. మా పెళ్ళికి పందిరి వేయించింది ఆయనే. "కోర్టు మెట్లు మెల్లగా ఎక్కాల. తొందరపడినోడు మళ్ళా ఎక్కాల్సొస్తాది" అనడం ఆయనకు అలవాటు.

మా ఆయన విరుదునగర్ దగ్గర బాణసంచా కంపెనీలో ఫోర్‌మన్. రెండేళ్ళ కిందట గోదాములో లైసెన్సు లేని పేలుడు మందు దొరికింది. యజమానినీ మా ఆయన్నీ పట్టుకెళ్ళింది ఊరి పోలీసులు కాదు, కేంద్రం వాళ్ళు. మొదటి ముద్దాయి యజమాని, రెండో ముద్దాయి మా ఆయన. విరుదునగర్‌లో లాయర్ల గుమ్మాలన్నీ ఎక్కి దిగాను. సెంట్రల్ కేసు అనగానే మదురై పొమ్మన్నారు. మదురైలో అడిగిన ఫీజు ఒంటి మీదవన్నీ అమ్మినా రాదు.

అప్పుడు మామ అన్నాడు: "కవలపడొద్దు పాపా, దిగులెందుకు. మొదలాళి పెట్టిన మా వక్కీలే మీ ఆయనకీ నిలబడతాడు. ఫీజు ఇయ్యబన్లేదు."

యజమానిని మా వైపు మొదలాళి అంటాం. ఆయన లాయరే పనివాడికీ లాయరు కావడం మా ఫ్యాక్టరీల్లో వాడుకే. మామ ఆ మాట తమిళంలో చెప్పి ఉంటే నాలుగు ప్రశ్నలు అడిగేదాన్నేమో. మన మాటలో చెప్పాడు. మన మాట మాట్లాడేవాడు మనవాడేనని మా వాళ్ళందరికీ ఉండే నమ్మకమే నాదీ.

మదురై కోర్టులో ఆ లాయరు యజమానికి బెయిలు అడిగాడు. లోపలి పనంతా ఫోర్‌మన్ చేతిలోదే, యజమానికేమీ తెలియదన్నాడు. రెండో ముద్దాయి తరఫున ఎవరని జడ్జి అడిగితే నేనేనన్నాడు. అని కూర్చున్నాడు. మా ఆయనకు బెయిలు అడగనే లేదు. మామ వైపు చూశాను. ఒళ్ళో తువ్వాలు మడతపెడుతున్నాడు.

తిరుగు బస్సు విరుదునగర్‌లో ఆగినప్పుడు అడిగాను. "ఇట్ల చేస్తాడని నీకు తెలుసునా మామా?"

కిటికీ బయటికి చూస్తూ అన్నాడు: "తెలుసు పాపా. మా వక్కీలుకు కేసులు తెచ్చేది ఆ మొదలాళే. కాదంటే నా పని పోతాది."

కోవిల్‌పట్టి రాబోతుండగా మళ్ళీ నోరు విప్పాడు. "మా కోర్టులోనే ఉచిత న్యాయ సహాయం ఆఫీసు ఉండాది. జైల్లో ఉండేవాళ్ళకు సెంట్రల్ కేసైనా వక్కీల్ని ఇప్పిస్తారు. పోయి అడుగు. నా పేరు చెప్పొద్దు."

నా ఒళ్ళు మండిపోయింది. మొదటి రోజే చెప్పాల్సిన మాట అది. ఎవరో ముంచితే సరే, నా ఇంటి పులుసు తిన్న మనిషి ముంచాడు.

మర్నాడే వెళ్ళి అడిగాను. వాళ్ళు రాసి పంపితే మదురైలో ఒక లాయరమ్మను ఇచ్చారు, ఫీజు లేకుండా. ఆవిడ మా ఆయన మాటను విడిగా వినిపించింది. బెయిలు వచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది. ఆ సంగతి చెప్పింది మామే కదా అంటాడు మా ఆయన. దాచిందీ ఆయనే అంటాను నేను.

ఆ తర్వాత మామ మా గుమ్మం ఎక్కలేదు. మిఠాయి పొట్లం మాత్రం కిటికీలో పెట్టిపోయేవాడు. నేను తినలేదు, పారెయ్యనూ లేదు.

మొన్న పాడె మోసిన వాళ్ళలో మా ఆయన ఉన్నాడు. "మన పందిరి వేయించినోడు గదా" అన్నాడు. నేను అడ్డు చెప్పలేదు.

నిన్న మదురై లాయరమ్మ అడిగిన కాగితం కోసం కోవిల్‌పట్టి కోర్టుకు వెళ్ళాను. వరండాలో ఆ బెంచీ ఖాళీగా ఉంది. ఆయన తువ్వాలు పరిచే చోటనే కూర్చున్నాను. తల ఎత్తితే ఎదురుగా ఒకటే తలుపు, దాని మీద ఉచిత న్యాయ సహాయం అని బోర్డు. అన్నేళ్ళూ ఆయన రోజంతా చూస్తూ కూర్చున్నది ఆ తలుపునే.