మా అత్త పుర్రచేతి చుట్టు

దయ్యాలున్నాయని ఎవరైనా నా ముందు మొదలుపెడితే, లేచి పని చూసుకోమనేదాన్ని. ఇప్పుడూ అంతే. నేను అక్షరాలు నేర్చుకున్నది ముసలితనంలో, మనవరాలి పలక మీద. నేర్చుకున్నాక ఇది ఒక్కటీ రాసిపెట్టాలనిపించింది. నమ్మమని ఎవరినీ అడగను.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటి ఏడు, ఆళ్లగడ్డలో నా మొదటి కాన్పు. బిడ్డ భుజం ఇరుక్కుంది. మంత్రసాని లాగకపోతే ఇద్దరమూ పోయేవాళ్లం. కొడుకు దక్కాడు గానీ వాడి కుడిచెయ్యి తడిగుడ్డలా వేలాడింది. మాది రాతిపని చేసే ఇల్లు. ఆ చెయ్యి సుత్తి పట్టాలి. పట్టకపోతే వాడి బతుకేమిటో మాకు తెలియలేదు.

నేనూ మా అత్త వీరమ్మా బిడ్డను బస్సులో నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ చెయ్యి ఎత్తి, వదిలి చూసింది. అత్త అడిగినదానికల్లా విసుక్కోకుండా చెప్పింది. బిడ్డ కడుపులో పెరిగేటప్పుడు నరం పోగు వెన్నులోంచి బయలుదేరి వేళ్లదాకా పోతుందట. దాని వెంటే చిన్న చిన్న కణాలు నడుస్తాయట. ఒక్కొక్క కణం పోగులో ఒక్కొక్క ముక్కను పంచుకుని, చుట్ట మీద చుట్టగా చుట్టుకుంటుందట. పోగు పిలిస్తేనే అవి చుట్టుకుంటాయి, అవి కాపాడితేనే పోగు బతుకుతుంది. వీడికి లోపలి పోగు తెగినా, ఆ కణాలు దారి విడవకుండా వరసగా నిలబడి ఉంటే, పోగు మళ్లీ పైనుంచి కిందికి మెల్లగా పెరుగుతుంది. నిలబడ్డాయో లేదో మాత్రం ఆమెకూ తెలియదు.

"అంటే లోపల ఎవురో చుడతాండారు. మనం బయట చుడదాం" అంది అత్త.

డాక్టరమ్మ నవ్వి, బిగించొద్దు, వెచ్చగా ఉంటే చాలంది.

అత్తది పుర్రచెయ్యి, అంటే ఎడమచేతి వాటం. పాతచీర పేలికను బిడ్డ భుజం నుంచి కిందికి చుట్టేది. చుట్లన్నీ ఎడమకు తిరిగేవి. రోజూ మెల్లగా గిల్లి చూసేది. గిల్లితే బిడ్డ ఏడ్చినంత మేరకే చుట్టి, ఆ కింద వదిలేసేది.

మా ఇంటాయన ఎగతాళి చేసేవాడు. "ఏందిమ్మా, రాయికి గీత గీసినట్టు దినామూ ఇంతింతా?"

"నీ రాయి ఏడవదు కదరా నాయనా. ఇది ఏడుస్తాది" అనేది అత్త.

చుట్టు మోచేతి దగ్గరికి వచ్చేసరికి అత్త జ్వరంతో పోయింది. తర్వాత నేను చుట్టాను. నాది కుడిచేతి వాటం, నా చుట్లు కుడికి తిరిగేవి.

కర్మలయ్యాక ఒక పొద్దున బిడ్డను ఉయ్యాలలో వేసి, తలుపుకు బయట గొళ్లెం పెట్టి బావికి పోయాను. ఇంటాయన పనిమీద అవుకులో ఉన్నాడు. తిరిగొచ్చి చూస్తే బిడ్డ చేతి చుట్లు ఎడమకు తిరిగి ఉన్నాయి. నేను ఆపినచోటు కంటే వేలెడు కిందికి ఉన్నాయి. అక్కడ గిల్లితే బిడ్డ ఏడ్చాడు. ముందురోజు అక్కడ గిల్లితే ఉలకలేదు.

దుఃఖంలో నేనే అటు చుట్టానేమో అనుకున్నాను. మర్నాడు చుట్టి, కొసకు నల్లదారంతో కుట్టేశాను. బావి నుంచి వచ్చేసరికి మళ్లీ అంతే. దారం తెగలేదు. కుట్టు విప్పి, దారం ఉయ్యాల తాడుకు చుట్టి ఉంది.

ఆ తర్వాతి రోజు పక్కింటి ఖాసింబీని గుమ్మంలో కాపలా పెట్టాను. ఆ రోజూ చుట్టు మారింది.

"ఎవురూ రాల్యా అక్కా. పిల్లోడు మాత్రం ఎవురో మాట్లాడిస్తాన్నట్టు ఊ కొడతాండె" అంది ఆమె. మళ్లీ కాపలాకు రమ్మంటే రాలేదు.

నేను భయపడ్డానా అంటే, పడ్డాను. కానీ చుట్టు దిగేకొద్దీ చెయ్యి బతుకుతోంది. మంత్రగాణ్ని పిలుద్దామని ఇంటాయన అంటే నోరు మూసుకోమన్నాను.

చుట్టు మణికట్టుకు వచ్చాక మళ్లీ నంద్యాల పోయాం. డాక్టరమ్మ అక్కడక్కడా తట్టి చూసి సంతోషపడింది. "మీ అత్తగారు బాగా చూసుకుంటున్నారు. మానొద్దని చెప్పండి" అంది.

"చెప్తా" అన్నాను.

ఇంటికొచ్చి చెప్పాను కూడా, ఉయ్యాల దగ్గర నిలబడి.

ఇంకొన్నాళ్లకు, బావి నుంచి వచ్చేసరికి బిడ్డ చేతికి బట్ట లేదు. వంగి వెతుకుతుంటే వాడు కుడిచేత్తో నా వేలు పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు.

గొళ్లెం నేను పెట్టినట్టే ఉండింది. ఇంట్లో నీళ్లు లేవు, వాటికోసమే నేను పోయింది. పేలిక మాత్రం ఉతికి, దండెం మీద ఆరేసి ఉంది. కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి.

ఆ తర్వాత ఎప్పుడూ ఏమీ జరగలేదు. వాడు సుత్తి పట్టాడు, పిల్లల్ని కన్నాడు. ఆ నీళ్లు ఎక్కడివో నాకు ఇప్పటికీ తెలియదు.