ఇన్సాఫ్ పిన్ని మొక్కజొన్న ఫ్రీజరు

ఇన్సాఫ్ పిన్నిని ఒక్క వాక్యంలో నిర్వచించాలంటే, ఆమె గడ్డకట్టిన మొక్కజొన్న పొత్తును కరగనివ్వని మనిషి. ఫ్రీజరులోంచి తీసిన పొత్తు తిన్నగా మరిగే నీళ్ళలోకే పోవాలి. నడుమ వంటగట్టు మీద అర నిమిషం సేదతీరినా, ఆమె దృష్టిలో దానికి అంత్యక్రియలు తప్ప మరో గతి లేదు. అలెగ్జాండ్రియాలో మొక్కజొన్నంటే ఎండాకాలం, సముద్రపు ఒడ్డు, బొగ్గుల బండి. జనవరి వానల్లో పొత్తు కొరకడం ఇక్కడెవరికీ ఊహకైనా రాని పని. ఊరంతటి ఈ అభిప్రాయాన్ని మా పిన్ని పదకొండేళ్ళుగా ఒంటిచేత్తో ఎదిరిస్తోంది.

ఆమె పద్ధతిని నేను దగ్గరుండి పరిశీలించాను. ఆగస్టులో బస్తాలు దిగుతాయి. పొత్తులను ఒలిచి, వేడినీళ్ళలో కాసేపు ఉంచి, వెంటనే ఐసు నీళ్ళలో ముంచి, పసిబిడ్డను తుడిచినట్టు తువ్వాలుతో తుడిచి, సంచుల్లో కట్టేస్తుంది. ఇక వండేటప్పుడు నీళ్ళలో ఉప్పు వేయడం నేరం, గింజ బిరుసెక్కుతుందట. చిటికెడు పంచదారకు మాత్రం అనుమతి ఉంది. పొత్తు పడి చల్లబడిన నీళ్ళు మళ్ళీ మరగాలి. లెక్క అక్కడి నుంచే మొదలు: సరిగ్గా ఎనిమిది నిమిషాలు. అందుకోసం ఆమె మెడలో ఒక అలారం గడియారం వేలాడుతూ ఉంటుంది. బడిలో చేతిరాత నేర్పి రిటైరైన మనిషి కనుక, అందరి వంటనూ తప్పులు దిద్దే చూపుతోనే చూస్తుంది.

ఇంత చేసి, ఒక్క పొత్తు అడిగితే ఇవ్వదు.

"ఒక్కటిస్తే తరిగిపోతావా ఇన్సాఫ్?" అని మా అమ్మ ఓసారి అడిగింది.

"జూన్ దాకా ఆగు హిక్మత్. ఒడ్డున కూర్చుని బొగ్గు మసి తిందువుగాని."

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, వంటింట్లో పట్టని ఆ పెద్ద ఫ్రీజరు రెండో అంతస్తు మెట్ల వసారాలో ఉండేది. మేడ కమిటీ అధ్యక్షుడు బహ్గత్ గారు ఎదురింట్లో ఒంటరిగా ఉంటారు. రేవు కస్టమ్స్‌లో ముప్ఫై ఏళ్ళు పెట్టెలు తెరిపించిన చేయి ఆయనది. కాగితం వృథా కావడం గిట్టదు. ప్రతి నోటీసూ ఏదో ఒక పాత కాగితం వెనక రాసి లిఫ్టు తలుపుకు అంటిస్తారు. ఆ లిఫ్టు ఎటూ కదలదు కనుక నోటీసులకు అంతకన్నా స్థిరమైన చోటు లేదు. నవంబరులో వచ్చిన నోటీసు ఇది: శుక్రవారం మధ్యాహ్నానికల్లా ఫ్రీజరు వీధిలో ఉండాలి.

శుక్రవారం మేడ మొత్తం మెట్ల మీద చేరింది. ఫ్రీజరులోని సరుకు జాబితా రాయడానికి నన్ను నియమించారు. పిన్ని ఫ్రీజరు మూత మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"దిగండి ఇన్సాఫ్ గారూ. రేపు ఎవరినైనా కుర్చీలో మోసుకు దిగాలంటే దారేదీ?" అన్నారు బహ్గత్ గారు.

"ముందు ఆ ఎవరో ఒకరిని మంచాన పడమనండి బహ్గత్ పాషాగారూ, తర్వాత దారి చూద్దాం."

"నా మాటంటే లెక్కలేదా? ఇద్రీస్, తీగ పీకెయ్!"

వాచ్‌మన్ ఇద్రీస్ పీకాడు. గుర్రుమనే చప్పుడు ఆగిపోయింది. పిన్ని గడియారం నొక్కి, మూత మీంచి ఒక్క దూకు దూకి తీగ వైపు పరుగెత్తింది. అధ్యక్షుడి ఆజ్ఞ కనుక ఇద్రీస్ తీగ వదల్లేదు. ఆ సందులో బహ్గత్ గారు మూత ఎత్తేశారు.

"ఖాళీ చేస్తే బరువు తగ్గుతుంది. అమ్మాయీ, రాసుకో." మొదటి సంచి మీది చీటీని ఆయన గట్టిగా చదివారు. "'పళ్ళూడిన ముసలి పిల్లి.' ఇదేం సరుకు?"

ఆ సంచిలో పొత్తులు లేవు, కంకి నుంచి ఒలిచిన గింజలే ఉన్నాయి. ఇద్రీస్ బోసినోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "నాకేనండీ. బయట చెబితే పీక పిసుకుతానంది."

"'బిడ్డను కని నిద్ర మరిచిన వెర్రిది, నాలుగో అంతస్తు.'"

రీహామ్ చంటిదాన్ని భుజాన వేసుకుని గోడను చూస్తూ నిలబడింది.

"'పరీక్షలంటే ఏడ్చే పిరికిపంద.'"

నా కలం ఆగింది. జాబితా సమగ్రంగా ఉండాలి కనుక అదీ రాశాను. నిరుటి చలికాలం ఆ పిరికిపంద గుమ్మం ముందు వారం పాటు ఆవిరి కక్కే పొత్తులు వెలిశాయి. బయట చెబితే ఏం చేస్తుందో నాకూ చెప్పింది.

అడుగున అన్నిటికన్నా పెద్ద సంచి. అక్షరాలు ముత్యాలే. బహ్గత్ గారు సగం చదివి గొంతు తగ్గించారు. "'బహ్గత్ అనే ముళ్ళకంప. ఉప్పు తగలకూడదు. జనవరి, మోకాలి ఆపరేషన్...' ఈ సంగతి మీకెవరు చెప్పారు? నేను ఎవరికీ చెప్పలేదే!"

"మీరే అంటించారు. ఆసుపత్రి కాగితం వెనకేగా నాకు నోటీసు రాసింది? మీ రాత చూడలేక తిరగేశాను. వెనకవైపు రాత బాగుంది." పిన్ని గడియారం ఎత్తి చూపింది. "ఆరు నిమిషాలైంది! మీ ఏడుపు తర్వాత, ముందు తీగ!"

బహ్గత్ గారు సంచిని తెచ్చిన చోటే పెట్టి మూత వేశారు. "నిబంధన నిబంధనే. వసారా ఖాళీ కావాల్సిందే. ఇద్రీస్, పట్టు. మా హాల్లోకి."

"మీ హాల్లోకా? దొంగచాటుగా తీసి గట్టు మీద పెట్టి కరగబెట్టడానికా? చస్తే ఒప్పుకోను! కాపలాకి మీ ఇంటి తాళంచెవి నా దగ్గరుండాలి."

ఆయన తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టారు. ఫ్రీజరు నాలుగడుగులు జరిగి, కొత్త చోట మళ్ళీ గుర్రుమంది. బహ్గత్ గారు ఎవరి ముఖమూ చూడకుండా అడిగారు: "ఎనిమిది నిమిషాలేగా ఉడకబెట్టాల్సింది?"

పిన్ని నోరు తెరిచేలోపే మెట్ల మీద అన్ని అంతస్తుల వాళ్ళూ ఒక్కసారే అరిచారు: "నీళ్ళు మళ్ళీ మరిగాక!"