ఉప్పులో కట్టిన కాలిఎముక

దీవిలోని ఫెరార్గంజ్ పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ యిర్మియాకి ఇరవై రెండేళ్ల సర్వీసు. ఏటా మెయిన్‌లాండ్ నుంచి ఒక కొత్త డాక్టరు అడవి జంతువుల జబ్బులు నేర్చుకోవడానికి వస్తాడు. చచ్చిన జింకను కోసేముందు చెవి నుంచి రక్తపు చుక్క తీసి చూడాలని, మనిషికీ అంటుకునే దొమ్మరోగం లేదని తేలాకే కత్తి పట్టాలని యిర్మియా చెబుతాడు. వచ్చినవాడికి చెయ్యి తిరిగేసరికి ఏడాది అయిపోతుంది. మళ్లీ ఇంకొకడు.

1974లో వచ్చినవాడు దేవప్రసాద్. ఏప్రిల్లో ఊరి పక్క అడవిలో నాలుగు జింకలు గొంతు వాచి చచ్చాయి. ఊరి గేదెలు మేసేదీ అక్కడే. గురకవ్యాధేనని యిర్మియాకి తెలుసు. కానీ మెయిన్‌లాండ్ ల్యాబ్ రిపోర్టు లేనిదే టీకామందు రాదు. వానలు పడితే జబ్బు ఊరంతా పాకుతుంది.

దేవప్రసాద్ కాలేజీలో నేర్పినట్టే కాలేయం ముక్కలు ఐస్ ఫ్లాస్కులో పెట్టాడు. కాలిఎముక ఒకటి ఉప్పులో కట్టి పంపుదామని యిర్మియా అంటే, ఐస్ ఉండగా ఎముకెందుకని నవ్వాడు. అతని ఊళ్లో ల్యాబ్‌కి బస్సు ఉంది. ఇక్కణ్నుంచి ఓడలో పంపాలి. యిర్మియా ఎముకను ఇంటికి తెచ్చుకున్నాడు.

"ఏటయ్యా, ఉప్పంతా ఆ ఎముక్కే ఎట్టీస్తే కూరలోకేటి వెయ్యమంటావు?" అంది భార్య మేరమ్మ.

"పక్కింటి ఎరుకమ్మనడుగు. దాని గేదెల కోసమే గదా."

సముద్రం బాగోక ఓడ మూడు రోజులు కదల్లేదు. నాలుగో రోజు జెట్టీ మీద ఫ్లాస్కు మూత తీస్తే కుళ్లు వాసన. దేవప్రసాద్ మెట్టు మీద కూలబడ్డాడు. వెంట వచ్చిన యిర్మియా సంచిలోంచి గోనెగుడ్డ మూట తీశాడు.

"మూలుగలో జబ్బుపురుగు అంత బేగి చావదు, డాక్టర్ సాబ్. పైన మీ పేరే రాయండి. నా పేరుంటే అక్కడ ఎవుడూ విప్పడు."

పద్దెనిమిది రోజులకి తంతి వచ్చింది. గురకవ్యాధే. టీకామందు విమానంలో వచ్చింది. ఇద్దరూ నాలుగు రోజులు పాకల చుట్టూ తిరిగి సూదులు వేశారు. ఎరుకమ్మ గేదె తన్ని యిర్మియా మోకాలు వాచింది. ఆ ఏడు వాన ఆలస్యమైంది. అందులో యిర్మియా గొప్పేం లేదు. రెండు దూడలు పోయాయి. గేదెలు నిలిచాయి.

ఇంకో ఏడాది ఉండమని యిర్మియా అడిగాడు. దేవప్రసాద్ అప్పటికే ట్రాన్స్‌ఫర్‌కి రాసుకున్నాడు.

తర్వాతి డాక్టరు కొత్త ఐస్ ఫ్లాస్కుతో జెట్టీలో దిగాడు. యిర్మియా దాన్ని మోసుకొచ్చి ఊరి బస్సెక్కాడు. మేరమ్మ అప్పటికే రెండో ఉప్పు డబ్బా కొనిపెట్టింది.