పక్కింటి దేవుడికి మా గులాబీలు

పక్కింటి పిన్నిగారు పదేళ్ళుగా మా మందారాలు కోసుకుపోయేది. తెల్లారేసరికి ప్రహరీ మీదుగా ఆవిడ దోటీ కర్ర వచ్చి, మొగ్గలతో సహా లాక్కుపోయేది. అడిగితే, "దేవుడికే కదే, ఏటైపోతాది?" అనేది. నేనేమో మా పూజకి నర్సీపట్నం బజారులో మూరల లెక్కన పూలు కొనుక్కునేదాన్ని.

ఒళ్ళు మండి మందారాన్ని పీకించేశాను. బాగా ముళ్ళున్న రకమే కావాలని నర్సరీలో అడిగి, అక్కడ తీగ గులాబీ నాటాను. కొమ్మలు నిటారుగా వదిలేస్తే కొసనే పూస్తాయని, వాటిని వంచి గోడ పొడుగునా పాత చీర పీలికలతో కట్టాను. రెండో ఏడు కణుపు కణుపుకీ పూసింది. పిన్నిగారు ముళ్ళకి భయపడలేదు. దోటీ మానేసి, స్టూలూ కత్తెరా తెచ్చుకుంది.

సరే, కోసుకోనీ అనుకున్నాను. ఆవిడ కార్తీకమాసమంతా నీసు ముట్టదు. మా ఇంట్లో చేప వేగితే కిటికీ తలుపులు దబీమని మూసేస్తుంది. ఆ నెలంతా ఆవిడ పూలు కోస్తుంటే నేను నవ్వుతూ చూశాను.

కార్తీకం ఆఖరి రోజు బుట్ట నింపుకుని ఆవిడే అడిగింది. "ఇంతింత పువ్వులేటే? ఏటేస్తన్నావే దీనికి?"

"చేపలు కడిగిన నీళ్ళండీ, పిన్నిగారూ. నెలంతా అవే పోసేను. నిన్న రొయ్యల పొట్టు కూడా వేసేను."

బుట్ట ఆవిడ చేతిలోంచి జారి గోడకి ఇవతల పడింది. ఒక్క పువ్వు కూడా వదలకుండా ఏరుకున్నాను. మా పెరటి పూలు మా దేవుడికి దక్కడం పన్నెండేళ్ళలో అదే మొదటిసారి.