పలక మీద బర్రె

వజ్రమ్మ ఎవరినీ తొందరగా నమ్మదు. ఇబ్రహీంపట్నంలో సర్కారు మనుషులు ఇంటింటికీ వచ్చి లెవీ కింద ధాన్యం గుంజుకుపోతున్న రోజులవి. అందుకే జొన్నలు పెరట్లో పాతరేసి, ఆ గొయ్యి కనబడకుండా పైన బర్రెను కట్టేసింది.

ఒకనాడు కూతురు లచ్చవ్వ, బడిలో రాసుకు రమ్మన్న ఉర్దూ పేరాను పలక మీద రాసి, తెలుగులో చెప్పి వినిపించింది.

"మా బర్రె నల్లగుంటది. పూటకు శేరు పాలిస్తది. జొన్నల పాతర మీద పండుకుంటది."

వజ్రమ్మ పలక గుంజుకుని నూరుద్దీన్ పంతులు ఇంటికి పోయింది.

"ఏం సాబ్, మా ఇండ్లల్ల ఏమున్నదో పోరగాండ్లతోని రాపిచ్చి ఎవలకు చెప్తున్నవ్?"

అప్పటిదాకా ఆయన ఆ పలక చూడనే లేదు. ఇప్పుడు నిదానంగా చదివాడు.

"బర్రె ముచ్చట మొదలువెడితే ఆఖరుదాంక బర్రె ముచ్చటే ఉండాలె అక్కా. నడుమ పాతరెందుకు?" అంటూ తడివేలితో ఆ వాక్యం తుడిచేశాడు.

"అయితే సదివినవన్నట్టు!"

"బర్రె గురించే సదివిన."

వజ్రమ్మ సగమే నమ్మింది. ఆనాటి నుంచి లచ్చవ్వ ఏం రాసినా ముందు తల్లికి వినిపించాల్సిందే.

"గిది బర్రె ముచ్చట కాదు, తుడువు!" అనేది వజ్రమ్మ.