మరపడవకు కట్టిన తీగ

మా బావ అజాగ్రత్తగా నడిపినందువల్లనే మరపడవ మునిగిందని సర్కారు కాగితంలో రాశారు. అది అబద్ధం.

పోయిన నెల మా అక్కను కంటి ఆపరేషనుకు గుడియాత్తం నుంచి వేలూరు పిలుచుకొని పోయినప్పుడు, ఆసుపత్రివాళ్ళు అడిగిన కార్డు కోసం ఆమె సంచి వెతుకుతుంటే, మడతల దగ్గర చిరిగిపోయిన ఆ అరవ కాగితం మళ్ళీ నా చేతికి తగిలింది.

నేను బడి మెట్లు ఎక్కినవాణ్ణి కాను. పొట్లాల కాగితాల మీద అక్షరాలూ, పాడైన ఇంజన్లు విప్పి మెకానిక్కు పనీ నేర్చుకున్నాను. పరదరామి దాకా బావుల మీది డీజిల్ ఇంజన్లన్నీ నా చేతిమీదుగా నడిచినవే. మడి పారేదాకా ఇంజను ఒకే వేగంతో ఆడాలని, అదురుకు జారకుండా వేగం పిడిని తీగతో బిగించి కట్టడం మా వైపు అలవాటు.

బావ కడలూరులో, దూరంగా లంగరు వేసిన ఓడలకు సరుకు చేరవేసే చిన్న మరపడవ నడిపేవాడు. అప్పటికే ముసలిదైన కొయ్యపడవ. పొట్టి అంచులు, నడుమ బరువైన ఇంజను. అలాంటిదాన్ని అలల్లో నడిపేవాడు వేగం పిడి మీద నుంచి చెయ్యి తీయకూడదు. అల ఎక్కేటప్పుడు వేగం ఇవ్వాలి, కొన మీదికి రాగానే తగ్గించాలి. తగ్గించకపోతే ముక్కు కింది అలలోకి దిగబడి, అంచుల మీదుగా నీళ్ళు పడి, ఆ బరువుతో ఇక లేవదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఒకసారి అక్కను చూడబోయిన నాకు, పిడి జారుతోందని బావ చెప్పాడు. అంతే, పటకారుతో తీగ మెలిపెట్టి కదలకుండా కట్టేశాను. బావి నీళ్ళ మెకానిక్కుకు సముద్రం యాడ తెలుస్తుందప్పా అని ఎగతాళి చేస్తూనే, పక్క పడవలవాళ్ళను పిలిచి మా బామ్మర్ది పనితనం చూడండని చూపించాడు.

మూడో రోజు, నేనింకా అక్క ఇంట్లో ఉండగానే, బావ బయలుదేరేటప్పుడు సముద్రం నిమ్మళంగానే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు గాలి లేచింది. బావ ఒడ్డుకు చేరలేదు. ఒడ్డుకు ఈదుకొచ్చిన ఇద్దరు కూలీలూ చెప్పింది ఒకటే: బావ ఒక చేత్తో చుక్కాని పట్టుకొని, రెండో చేత్తో ఆ పిడిని లాగుతూనే ఉన్నాడట.

విచారణకు వచ్చిన అధికారి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన పడవలోకి తొంగి కూడా చూడలేదు. పడవ యజమాని చెప్పింది రాసుకొని పోయాడు. తీగ సంగతి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ కాగితం దిద్దమని ఎన్ని అర్జీలు పెట్టానో, ఒక్కదానికీ జవాబు లేదు. ప్రతి అర్జీలోనూ ముసలి పడవ ఉండేది, గాలి ఉండేది, యజమాని పిసినారితనం ఉండేది. తీగ మాత్రం ఉండేది కాదు.

ఇప్పుడు బావుల మీద ఆ ఇంజన్లు లేవు. మీట నొక్కితే నీళ్ళు వస్తాయి. తీగ కట్టే పనే లేదు. ఆ రోజు కట్టిన తీగ సంగతి చెప్పుకోవలసిన మనిషి మాత్రం ఒక్కతే మిగిలింది. ఆసుపత్రి బెంచీ మీద, కంటికి కట్టుతో కూర్చున్న అక్కకు అంతా చెప్పేశాను. ఆమె చెయ్యి చాపి కాగితం తడిమి తీసుకొని, మడిచి సంచిలో పెట్టుకొన్నది.

“నాకు తెలుసు నాయనా. నువ్వు కట్టిన పొద్దే మీ బావ చెప్పినాడు, సముద్రంలో అది ఉండకూడదని. ఇప్పుడు విప్పితే నీ మనసు నొచ్చుకుంటాది, నువ్వు ఊరికి పోయినాక విప్పుతా అన్నాడు.”