దెయ్యం కాళ్లు ఎవరివి?

దెయ్యాల సినిమా చూసి భయపడాలంటే మనిషికి కొంత తీరిక ఉండాలి. అది మా ముగ్గురికీ ఎప్పుడూ లేదు. మేం వెళ్లేది తప్పులు పట్టడానికి.

ముగ్గురంటే నేను, ప్లాంటు బావ, బోటు బావ. కంచరపాలెంలో మిక్సీలూ గ్రైండర్లూ బాగుచేసే కొట్టు నాది. మిగిలిన సమయంలో అబద్ధాలు చెబుతాను, పేరు ఆ పనిలోనే ఎక్కువ వచ్చింది. ప్లాంటు బావ ఉక్కు కర్మాగారంలో క్రేను నడుపుతాడు. అంత ఎత్తులోంచి రోజంతా కింది మనుషుల్ని చూసీ చూసీ, నేలమీదికి దిగాక కూడా ఆయనకి అదే చూపు. బోటు బావ సముద్రంమీద చేపల వేటకి వెళ్తాడు. మాలో ఎవరికీ ఎవరితోనూ చుట్టరికం లేదు. మా ఊళ్లో బావ అనడానికి చుట్టరికం అక్కర్లేదు, తిట్టాలనే కోరిక ఉంటే చాలు.

ఆదివారం మార్నింగ్ షో చూసి, రైలు గేటు పక్క టీ బడ్డీ దగ్గర కూర్చుని ఆ సినిమాని చేపని కోసినట్టు కోసేవాళ్లం. ముందు కత్తి పెట్టేది ప్లాంటు బావ.

"ఈ దెయ్యాలకి బంగళాలే గావాలేటి బావా? మన రెండు గదుల కొంపల్లోకి ఒక్కటీ రాదేటి?"

"నీ ఇంటికొచ్చిందే. నీ గురక ఇని తాయెత్తు కట్టించుకుని ఎల్లిపోనాది," అన్నాను.

ఆ ఊపులో నేను అచ్యుతాపురం దెయ్యం కథ చెప్పాను. అక్కడి ఫ్యాక్టరీకి పోయే బస్సులో రోజూ ఒక దెయ్యం ఎక్కేదనీ, కాంట్రాక్టరు మనిషనుకుని దాన్ని కూడా షిఫ్టులో వేసేశాడనీ, వారం తిరక్కుండా ఓవర్‌టైమ్ తట్టుకోలేక అది శ్మశానానికి తిరిగి వెళ్లిపోయిందనీ.

"సచ్చినోడికి కూడా సెలవియ్యరన్నమాట," అన్నాడు ప్లాంటు బావ.

బోటు బావ టీ గ్లాసు కింద పెట్టి, నిజంగా బాధపడుతూ అడిగాడు: "మరి సేసిన రోజులకైనా జీతం ఇచ్చీసారా?"

అలాంటి మనిషి. అతణ్ణి ఏడిపించకపోతే ఆదివారం ఆదివారంలా ఉండేది కాదు.

ప్లాంటు బావకి సినిమావాళ్లమీద అసలు కోపం కాళ్ల దగ్గర. దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని మా అమ్మమ్మల కాలం నుంచీ అందరికీ తెలుసు. "కళ్లల్లో తెల్ల లెన్సులెడతారు, జుత్తు ఇరబోత్తారు, కాళ్లు మాత్రం మనిషివే ఉంచుతారు. అది దెయ్యమేటి? తలంటు పోసుకున్న ఆడకూతురు," అనేవాడు.

ఆ వేసవిలో భీమిలి వైపు ఒక పాత బంగళాలో ఏదో చిన్న కంపెనీ దెయ్యాల సినిమా తీస్తోంది. వంటవాళ్ల పెద్ద గ్రైండరు చెడిపోయిందని నాకు కబురొచ్చింది. వేట నిషేధం రోజులు కావడంతో పడవలన్నీ కట్టేసి ఉన్నాయి, బోటు బావ ఖాళీగా ఉన్నాడు. మోతకి సాయంగా తీసుకెళ్లాను.

బాగుచేసిన గ్రైండరుని ఇద్దరం చెరో పక్కా పట్టుకుని పొడుగాటి వరండాలోంచి వంటశాలకి మోసుకెళ్తున్నాం. ముందు అతను, వెనక నేను. ముఖాలు ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి అతను వెనక్కి నడవాలి. పగిలిన గచ్చు, అడ్డంగా వైర్లు, ఒకచోట రెండు మెట్లు. అతను ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు, ఒక్కసారీ తడబడలేదు.

ఎందుకు తడబడతాడు? పెద్దవల లాగే ఊళ్లో పుట్టినవాడు. ఒడ్డున నిలబడి సముద్రంలోంచి వల లాగాలంటే తాడు నడుముకి ఆనించుకుని, ముఖం నీళ్ల వైపే పెట్టి, ఇసకలో మడమలు దిగేసుకుంటూ వెనక్కి నడవాలి. ఆడా మగా వరసగా ఒకే తాడు పట్టుకుంటారు. అక్కడి పిల్లలకి ముందు వెనక్కి నడవడం వస్తుందనీ, ముందుకి నడవడం బళ్లో నేర్పుతారనీ నేను చాలామందికి చెప్పాను. సగంమంది నమ్మారు.

వరండా చివర డైరెక్టరు తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. బయట మండుటెండ. లోపల కిటికీలకి నల్లగుడ్డలు కట్టి అర్ధరాత్రి చేశారు. దెయ్యం మడమలు ముందుగా కెమెరా వైపు నడిచి రావాలి, ఆ తర్వాత హీరోయిన్ ముఖం చూపిస్తారు. వెనక్కి నడిచి రమ్మంటే హీరోయిన్ ఆ గచ్చుమీద రానంది. ఆమె బదులు నడిచిన ఇద్దరు ఆడపిల్లలు పడి మోచేతులు చెక్కుకున్నారు. డైరెక్టరు మా బావ కాళ్లు చూశాడు. గ్రైండరు దింపకముందే బేరం కుదిరిపోయింది.

కాళ్లమీది వెంట్రుకలు మోకాళ్ల దాకా గీశారు. పారాణి పెట్టారు, పట్టీలు తొడిగారు, ఎర్రంచు చీర కట్టారు. పైన మాత్రం అతని బనీను అలాగే ఉంది. అద్దంలో చూసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, ఇది ఎవులికీ తెలకూడదు."

"ఛ, నానెవులికి సెప్తాను?" అన్నాను. సాయంత్రానికి ప్లాంటు బావకి చెప్పాను.

ఆ రాత్రి అతను బంగళాలోనే పడుకున్నాడు, రెండో రోజు కూడా అదే నడక. పని అయ్యాక వెంట్రుకలు ఎవరు అంటిస్తారు? పారాణి ఎంత తోమినా పోలేదు. అలాగే ఇంటికి వెళ్లాడు.

అతని ఆవిడని నేను అప్పా అంటాను, అక్క వరసన. మా బజారులో చేపలమ్ముతుంది. తూకంలో గాని మాటలో గాని ఎవరికీ ఒక్క పిసరు వదలదు. గుమ్మంలో మొగుడి కాళ్లు చూసింది.

"ఏటయ్యా ఇది? రెండు రోజులు ఏడకెల్లావు?"

"సినిమాలో ఏసానే."

"ఏటి ఏసావు?"

ఆడదెయ్యం కాళ్లు వేశానని చెప్పడానికి నోరు రాలేదు మా వాడికి. "పోలీసు," అన్నాడు.

"పోలీసోడికి పారాణేటి?"

మగాడి కాళ్లకి పారాణి పెట్టేది ఎవరైనా ఉంటే అది ఎలాంటి కొంపో ఆవిడకి తెలుసు. చాపా దిండూ తెచ్చి వరండాలో పడేసింది.

"సినిమా రానీ. నీ పోలీసుని నా కళ్లతో సూసాకే గడప దాటు. లేదంటే మళ్లా నా మొకం సూడకు."

ఉత్తమాటలు చెప్పే మనిషి కాదు. తెల్లారేసరికి వంట గిన్నెలో అతని వంతు బియ్యం వెయ్యడం మానేసింది. మూడు పూటలా మూకుడులో గంజి గోడమీద పెట్టేది, కుక్కకి పెట్టినట్టు. బంధువులొస్తే, "వరండాలో ఎస్సైగారున్నారు, దండమెట్టి రాండి," అనేది.

ఇక మా ఆదివారాల సంగతి అడక్కండి. బోటు బావ రాగానే ప్లాంటు బావ లేచి సెల్యూట్ కొట్టేవాడు.

"రాండి సార్. దెయ్యాన్ని అరెస్టు సేసారా?"

"నవ్వకండ్రా బావా. నా కాపరం పోయేలాగుంది."

"పోతే పోనీ. ఆ కాళ్లకి ఇంకో సంబంధం సూద్దాం. గీసిన కాళ్లకి గిరాకీ ఎక్కువ."

చివరికి బతిమాలాడు నన్ను. "నువ్వక్కడే ఉన్నావు కదా. నిజం సెప్పు. అప్ప నీ మాట ఇంటాది."

నా జీవితంలో నిజం చెప్పమని ఒకరు అడగడం అదే మొదలు. బజారుకెళ్లాను. అప్ప వంజరాలు కోస్తోంది. గ్రైండరు, వరండా, చీర, పట్టీలు, ఉన్నదున్నట్టు చెప్పుకొచ్చాను. అక్కడితో ఆగవలసింది. కానీ మరీ బోసిగా అనిపించి, ఆ నడక చూసి హీరోయిన్ మా బావ కాళ్లకి దండం పెట్టిందని ఒక్క ముక్క కలిపాను.

అప్ప కత్తి ఆపింది. "తమ్ముడా, పోయినేడు నువ్వు నాకేటి సెప్పేవు? నీ మిక్సీలో ఏసిన రొయ్యలు పచ్చడై తమంతట తామే పక్కింటికి ఎల్లిపోనాయన్నావా నేదా?"

"అన్నాననుకో..."

"ఈడు పోలీసంతాడు. నువ్వు ఆడకూతురంతావు. ముందు ఇద్దరూ ఒక మాట మీదికి రాండి. అప్పుడు నమ్మాలో మానాలో నాను సూసుకుంటాను."

నా నిజంతో మా వాడి వరండా కాస్తా వీధి అయింది. ఆ రాత్రి నుంచీ చాప గేటు బయటే.

వర్షాలు పడ్డాక సినిమా వచ్చింది. ఊరు మొత్తంమీద ఒకే హాల్లో ఆడింది, మార్నింగ్ షో మాత్రమే. అప్ప బజారు కట్టేసి, తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని వచ్చింది, ఉరి తీయించడానికి వచ్చిన జడ్జిలాగా. వరసలో ఆ చివర ఆవిడ, పక్కన అతను, ఇటు మేమిద్దరం.

ఇంటర్వెల్ దాకా ఒక్క పోలీసూ లేడు. తెరమీద తలుపు తెరుచుకున్నప్పుడల్లా అప్ప కాస్త ముందుకి వంగేది, మొగుడి వైపు తిరిగి చూసేది. అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది.

ప్లాంటు బావ సమోసా నములుతూ, "దెయ్యానికి జడిసి ఎస్సైగారు సెలవెట్టేసుంటాడప్పా," అన్నాడు.

ఇంటర్వెల్ తర్వాత ఆ వరండా వచ్చింది. చీకటి. పట్టీల చప్పుడు. ఎర్రంచు కింద రెండు మడమలు మా మీదికి నడిచొస్తున్నాయి. వెడల్పాటి పాదాలు. ఒక్కో అడుగూ నేలలో దిగేసి, ఒక్క క్షణం ఆగి, ఇంకోటి. ముందు వరసలో ఎవరో ఆడపిల్ల కెవ్వుమంది.

"ఇదేటి బావా, దెయ్యం వల లాగుతున్నట్టు నడుస్తాది?" అని ప్లాంటు బావ పైకే అన్నాడు. అంతా తెలిసి అన్నాడు.

అప్ప నోట్లో కిళ్లీ నమలడం ఆగింది. తర్వాత మళ్లీ నమిలింది.

ఆట వదిలాక హాలు ముందు, స్కూటర్లు నిలబెట్టేచోట, మొగుణ్ణి ఆపింది. పక్కనే మ్యాట్నీకి వేరే సినిమా తాలూకు జనం.

"పోలీసేడి?"

అతను తలొంచుకుని ఏదో గొణిగాడు.

"ఇనబళ్లేదు."

"పోలీసు కాదే. ఆ కాళ్లు నావి."

"ఎవులి కాళ్లు?"

"దెయ్యంవి."

"ఆడదా, మగదా?"

"ఆడదే," అన్నాడు. క్యూలో నవ్వులు మొదలయ్యాయి.

"సాచ్చికం ఎవులు?"

అతను నా వైపు చూశాడు. నేను నోరు తెరిచాను. అప్ప చెయ్యి ఎత్తింది: "నువ్వొద్దు." అతను ప్లాంటు బావ వైపు చూశాడు. ఒక్క మాట చాలు. ప్లాంటు బావ తీరిగ్గా మీసం సవరించుకున్నాడు.

"నానెలాగ సెప్పగలనప్పా? నునుపుగా, ముచ్చటగా ఉన్నాయి. హీరోయిన్‌వే అయ్యుంటాయి."

బోటు బావ ముఖం పాలిపోయింది. అప్ప హాలు మెట్లమీద కూర్చుంది, చీర కుచ్చెళ్లు సర్దుకుంది.

"అయితే నడువు. ఎనక్కి."

అతను చెప్పులు విడిచాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు. ఒక స్కూటరు అద్దం కూడా తగలకుండా, గులకరాళ్లమీద, మాకేసి చూస్తూ వెనక్కి నడిచాడు. ఎవరో ఈల వేశారు. ఫోన్లు పైకి లేచాయి. నేను ప్లాంటు బావ భుజమ్మీద వాలిపోయి నవ్వుతున్నాను.

"ఇంకోపాలి," అంది అప్ప.

నడిచాడు.

"ఇంకోపాలి. చప్పున కాదు, సినిమాలో నడిసినట్టు."

అప్పుడు అప్ప నా వైపు వంగి, నాకొక్కడికే వినబడేలా చెప్పింది: "ఆ కాళ్లు హాల్లోనే పోల్చీసాను తమ్ముడా. పెళ్లికి ముందు పెద్దవల తాడు మీద ఇతనెనకాల నానే నిలబడీదాన్ని. అలాగే నా మీదికి వచ్చీవి ఆ మడాలు. అవి సూసే సేసుకున్నాను."

"మరి ఎందుకప్పా ఇలాగ నడిపిత్తన్నావు?"

"పోలీసన్నాడు కదా," అంది.

లేచింది. "పద ఇంటికి. బియ్యం ఏస్తాను."

అతని ముఖం ఒక్కసారిగా వెలిగింది. చెప్పుల కోసం వంగి, ఇటు తిరగబోయాడు.

"నాను తిరగమన్నానేటి? అలాగే రా."

ఆవిడ గేటు దాటి రోడ్డెక్కింది. చెప్పులు చేత్తో పట్టుకుని, వీపు ఆవిడ వైపు, ముఖం మా వైపు పెట్టి, అతను ఆవిడ వెనకాల నడిచాడు. ఆటోస్టాండు దాకా చాలా దూరం. బస్సులో జనం కిటికీల్లోంచి చూస్తున్నారు. అతను ఎవర్నీ చూడలేదు. మా ఇద్దర్నే చూస్తున్నాడు, కన్నార్పకుండా, మడమలు దిగేసుకుంటూ.

నా నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలియలేదు. ప్లాంటు బావ మాత్రం కళ్లు తుడుచుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని, క్రేనుమీంచి చూసినట్టే చూశాడు.

"దెయ్యానికి మొకం కూడా ఇదే ఎట్టుంటే," అన్నాడు, "ఆ హీరోయిన్ అక్కర్లేకపోయీది బావా."